ద్రాక్షాపాకము

మా తాతగారు నాకు కావ్యపాఠము చెప్పునప్పుడు కవిత్వమునకు పాకములు మూడని చెప్పెడివారు. నోటనిడిన తోడనే రసమొలుకునది ద్రాక్షాపాకము. తొక్క యొలిచినగాని రుచి తెలియనిది కదళీపాకము. పీచు దీసి, పెంకు పగులగొట్టినగాని లోనిది దక్కనిది నారికేళపాకము. పదేండ్ల పిల్లనగు నేను మొదటిదే సులువైనదని సంతసించితిని. ద్రాక్షకును నారికేళమంత పెంకు గలదనియు, దానిని పగులగొట్టుటకు సముద్రములు దాటి పోవలసివచ్చుననియు నేనప్పుడెరుగను. 2023వ సంవత్సరపు వేసవిలో లండను నగరమున గడపిన యారు వారములలో ఈ సంగతి తెలిసివచ్చినది. దానిని సోదరీమణులతో చెప్పుకొనవలయునని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మాది నెల్లూరు జిల్లాలోని యొక పల్లె. 1991వ సంవత్సరమున ఆ జిల్లాలో అక్షరాస్యతోద్యమము సాగుచుండగా మా అమ్మ రాత్రిబడిలో పాఠములు చెప్పెడిది. పగలెల్ల పొలములో వంగిన స్త్రీలు దీపము వెలుతురున పలకలు పట్టుకొని కూర్చుండెడివారట. నాలుగక్షరములు వచ్చిన పిమ్మట వారికి తోచిన మొదటి ప్రశ్న, మన మగవారి కూలిడబ్బు లెక్కడికి బోవుచున్నవనునది. దూబగుంట స్త్రీలు తమ యూరినుండి సారాను తరిమిన వార్త 1992లో ఊరూర వ్యాపించినది. మా యూరి స్త్రీలును సారాదుకాణమున కడ్డముగా కూర్చుండిరి. వారిలో మా అమ్మ యొకతె. ఆమెకది వట్టి యుద్యమము కాదు. ఆమెకు ఒక్కగానొక్క తమ్ముడు, నన్ను భుజముల నెక్కించుకొని తిరునాళ్లకు దీసికొనిపోయిన మా మేనమామ, అంతకు ముందటి యేడే సారాకు బలియై ముప్పదియేండ్లు నిండకుండ పోయెను.

1993 ఏప్రిలులో జిల్లాలోను, అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతటను సారా నిషేధింపబడినది. ఆ యేటనే మా చెల్లెలు పుట్టినది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చి, 1997లో సడలిపోయినది. చట్టము సడలినను మా అమ్మ సడలలేదు. మా యింటికి దగ్గుమందు సీసా వచ్చినను మూతదీసి వాసన చూచినగాని ఆమె దానిని లోనికి రానిచ్చెడిది కాదు.

అట్టి తల్లికడుపున పుట్టిన మా చెల్లెలి వృత్తి యేమనుకొందురు? ద్రాక్షాసవములను, అనగా వైనులను, రుచిచూచి మంచిచెడ్డలు నిర్ణయించుట. హైదరాబాదులో హోటలు నిర్వహణవిద్య చదివినది. పెండ్లియై లండను చేరి, అచటి వైను పరీక్షలు ఒకదానివెంట నొకటి గట్టెక్కి, ఒక వర్తకునియొద్ద సరకు నెన్నుకొను పనిలో కుదిరినది. ఆ మాట నాతో చెప్పిన దినమున, "అమ్మకు నువ్వే ఎట్లాగో చెప్పక్కా" యని యేడ్చినది. అమ్మ నన్నడిగినప్పుడు నేను, "హోటళ్లకు కావలసిన సరుకులు కొనిపెట్టే ఉద్యోగమమ్మా" యని చెప్పితిని. అది యబద్ధము కాదు, నిజమును కాదు. ఏడేండ్లు ఆ నడిమిమాట నీడన మేమందరము సుఖముగనే యుంటిమి.

ఆ వేసవిలో మా చెల్లెలికి ఒక వైను పోటీకి న్యాయనిర్ణేతగా నుండుమని మొదటిసారి పిలుపు వచ్చినది. పని నాలుగు దినములు. మా మరిది ఆస్పత్రి యుద్యోగి. ఆ దినములలో ఆయనకు వేరొక పట్టణమున శిక్షణ. రెండేండ్ల పాపను చూచుటకు నమ్మకమైన మనిషి లేదు. మా వారు పాఠశాలకు సెలవులైనందున అబ్బాయిని తాము చూచుకొందుమని నన్ను పంపిరి. "బిడ్డకోసం పో. బిడ్డను చూసుకోను నేను రాలేకపోతినే" యని అమ్మ కందిపొడియు, గోంగూరపచ్చడియు కట్టియిచ్చినది. ఆ మూటతో కూడ ఆ నడిమిమాటయు నాతో విమానమెక్కినది.

చెల్లెలింట నేను విన్న మొదటి యాజ్ఞ యిది: "అక్కా, ఈ నాలుగురోజులూ ఇంగువ తాలింపు పెట్టబాక. నీ సంపెంగ నూనె కూడా వద్దు." రుచిచూచువారు అత్తరు పూసికొనరాదు, పరీక్షకు ముందు కాఫీ త్రాగరాదు, పండ్లుతోముకొను మందు ఘాటుకూడ నోట మిగులరాదు. ఇల్లంతయు పరీక్షకు బోవు పిల్లవాని యిల్లువలె నుండెను. నాలుగు దినములు పెరుగన్నము, ఉడికించిన దుంపలు.

ఆ పోటీ జరుగు తీరు చెల్లెలు చెప్పగా విని నేను మిక్కిలి విస్మయపడితిని. బల్లకు ముగ్గురో నలుగురో న్యాయనిర్ణేతలు, వారికొక పెద్ద. సీసాలన్నిటికి ముసుగులు తొడిగి యుందురు. ఏ దేశపుదో, ఏ ద్రాక్షతో చేసినదో, ఏ యేటిదో చెప్పుదురుగాని చేసినవాని పేరు చెప్పరు. గాజుపాత్రలో కొంచెమే పోయుదురు. ముందు కన్ను, పిదప ముక్కు, కట్టకడపట నాలుక. నూటికి మార్కులు వేసి, తమలో తాము చర్చించి, కాంస్యమో, రజతమో, స్వర్ణమో, ఏమియు లేదనియో తేల్చుదురు. దినమునకు డెబ్బది, ఎనుబది రకములు వచ్చును. వీనిలో దేనిని మింగరు. ప్రక్కనున్న పాత్రలో నుమిసివేయుదురు.

మన యిండ్లలో ఎంగిలి యనిన ఎంత పట్టింపో సోదరీమణు లెరుగుదురు. నలుగురి యెదుట ఉమియుటయే విద్యగా నేర్చుకొన్న చెల్లెలిని చూచి నవ్వవలయునో, ఏడ్వవలయునో తెలియలేదు. కాని "మింగవు గదా, ఇక భయమేమి?" యన్నప్పుడు ఆమె చెప్పిన సమాధానము నాకు నచ్చినది. ఉమిసినను కొంత యొంటికి పట్టక మానదట. మద్యము క్యాన్సరుకారకమని అంతర్జాతీయ పరిశోధకసంస్థ 1988లోనే వర్గీకరించినది. ఏ మోతాదైనను నిరపాయమని చెప్పజాలమని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023 జనవరిలో ప్రకటించినది. ఆ మాటలు నా కామెయే చెప్పినది. "నేను అమ్మే సరుకు సంగతి నాకు తెలియకపోతే ఎట్లాగక్కా" యన్నది. తన సరకును పొగడుటకు ముందు దాని దోషము చెప్పిన వర్తకురాలిని నేనదివరకు చూడలేదు.

మొదటి దినము సాయంకాలము ఇంటికి వచ్చి, బిడ్డను ఒడిలో బెట్టుకొని, అన్నము ముట్టక కూర్చున్నది. ఎంత యడిగినను చెప్పదు. పాప నిద్రపోయిన పిమ్మట మెల్లగ చెప్పినది. ఆనాడొక ఎర్రవైను వచ్చినదట. అది మంచిదని ఆమె మనస్సు చెప్పినది. ఎక్కువ మార్కులే వేసినది. తక్కిన మువ్వురును అది మోటుగా నున్నదని తక్కువ వేసిరి. ఎందుకు మంచిదో చెప్పుమని బల్లపెద్ద మర్యాదగనే యడిగెను. ఈమెకు నోరు పెగలలేదు. తన మార్కులు కొట్టివేసి, వారితో సమానముగ వేసినది.

"వాళ్లు గూస్‌బెర్రీ అంటారు, బ్లాక్‌కరెంట్ అంటారు. అవి వాళ్ల పెరట్లో కాసినవి. నేను ఆ పండ్లు పుస్తకంలో చదివి, అంగట్లో కొని, పరీక్షకోసం బట్టీపట్టినదాన్ని. నా నోటికి తెలిసింది నా నాలికమీదికి రాలేదక్కా" యన్నది.

నాకు కోపము వచ్చినది, ఎవరిమీదనో తెలియదు. "ఆ వైను నోట బెట్టినప్పుడు నీకేమి తోచినది? తెలుగున చెప్పు" మంటిని. ఆమె కన్నులు మూసికొని, "వగరు" అన్నది. ఎట్టి వగరు? జామపిందె వగరా, నేరేటిపండు వగరా, కరక్కాయ వగరా, తాంబూలములోని కాచు వగరా? "నేరేడు! తిన్నాక నాలిక ఊదారంగు తిరిగి, కాసేపటికి తీపి తేలుతుందే, అది" యని లేచి కూర్చున్నది. ఆ రాత్రి మే మిరువురము ఒక నోటుపుస్తకమున వరుసగ వ్రాసితిమి: చింతచిగురు పులుపు, పండిన చింతపండు పులుపు, ఉసిరి పులుపు, తాటిముంజె చలువ, మారేడుపండు గుజ్జు, తొలకరి తడిసిన మట్టి. మన పెద్దలు షడ్రసములలో కషాయమును చేర్చిరి. నాలుక గుర్తించునవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి యని నేటి శాస్త్రజ్ఞులందురు. వగరు వారికి రుచి గాదు, స్పర్శ. ద్రాక్ష తొక్కలోను, గింజలోను నున్న టానినులు లాలాజలములోని మాంసకృత్తులను పట్టివేయగా నోరు పిడచగట్టునట్లు తోచును. మాట యేదైనను, ఆ యనుభవమును చిన్ననాట నేరేటిచెట్టు క్రింద పొందినవారికి పరిభాష కొదువ లేదు.

రెండవనాడు సాయంకాలము ఆమెతో పనిచేయు ఇరువురు స్త్రీలు మా యింటికి వచ్చి, అభ్యాసమునకై కొన్ని సీసాలు తెరచిరి. నేను త్రాగనని ముందే చెప్పితిని, ఎవరును బలవంతపెట్టలేదు. "వాసన చూస్తే దోషం లేదక్కా" యని చెల్లెలు నాలుగు గాజుపాత్రలు నాయెదుట నుంచినది. మూడింటిలో పండ్ల వాసన, పూవుల వాసన. నాలుగవదాని యొద్ద నాకు మా వారి పాఠశాలలోని అట్టల బీరువా గుర్తు వచ్చినది. వానకాలమున తడిసి, ముక్కిపోయిన యట్టల వాసన. ఆ మాట చెప్పగనే మువ్వురును నన్ను వింతగా చూచిరి. బెండుమూతలో బూజు వలన పుట్టు నొక రసాయనము సోకిన వైనునకు ఆ కంపు వచ్చునట. దానిని పసిగట్టుట నేర్వనివారికి సులభము కాదట. చెల్లెలు సంతోషము పట్టలేక, "మా అక్క ముక్కు మా అమ్మ ముక్కే" యన్నది. అన్న పిమ్మట ఆమెయు, నేనును ఒకరి మొగము నొకరు చూచుకొంటిమి. దగ్గుమందు సీసా మూతదీసి వాసన చూచిన ఆ ముక్కే యిచట పరీక్షాధికారిణియై కూర్చున్నదని అప్పుడు తోచినది.

మూడవనాడు మరియొక ఎర్రవైను విషయమున మరల భేదము వచ్చినదట. ఈసారి చెల్లెలు తన మార్కులు మార్చలేదు. మా దేశమున నేరేడను పండు గలదని, మొదట వగరై పిదప తీపు తేలునని, ఈ వైనును రెండు నిమిషములు నోట మరువక చూడుడని చెప్పినదట. బల్లపెద్ద మరల పోయించి, అందరును మరల రుచిచూచిరి. ఒకరు మారిరి; ఒకరు మారలేదు. తుదకు దానికి రజతపతకము నిర్ణయమైనది. స్వర్ణము రాలేదని ఆమె చింతించలేదు. ఆ సీసా ముసుగు వెనుక నెవరి పేరున్నదో ఆనాడు ఆ బల్లవద్ద నెవరికిని తెలియదు. పేరు తెలియకుండ తీర్పుచెప్పుటలో గల ధర్మ మిది.

దీనికి నిదర్శనముగ ఆమె చెప్పిన కథ యొకటి. 1976 మే 24న పారిసు నగరమున స్టీవెన్ స్పర్రియర్ అను ఆంగ్లేయ వర్తకుడు, పట్రీషియా గల్లఘర్ అను సహచారిణితో కలిసి, ఫ్రాన్సు వైనులను, కాలిఫోర్నియా వైనులను పేరులు దాచి పరీక్షకు బెట్టెను. తీర్పు చెప్పినవారు తొమ్మండుగురు ఫ్రెంచివారు. ముసుగులు తీసి చూడగా, తెల్లవానిలోను, ఎర్రవానిలోను మొదటి స్థానము కాలిఫోర్నియాకే దక్కినది. న్యాయనిర్ణేతలలో నొకతెయగు ఒడెట్ కాన్ అను పత్రికాసంపాదకురాలు తన మార్కుల కాగితములు తిరిగి యిమ్మని యడిగెనట. నేను నవ్వబోయి మానుకొంటిని. తన నాలుక చెప్పిన నిజమును తానే వెనుకకు దీసికొనగోరిన ఆ విదుషీమణికిని, తన మార్కులు తానే కొట్టివేసిన మా చెల్లెలికిని, ఏడేండ్లు తల్లికి నడిమిమాట చెప్పిన నాకును భేదమేమి?

పని ముగిసిన మరునాడు మమ్ములను నగరము చూపించుటకు దీసికొనిపోయినది. థేమ్సునదికి సమీపమున వింట్నర్స్ హాలు చూచితిమి. వైను వర్తకుల ఆ సంఘమునకు 1363లో రాజశాసనము దొరికినదట. ఆ వృత్తిలో మిక్కిలి కఠినమగు 'మాస్టర్ ఆఫ్ వైన్' పరీక్ష 1953లో మొదలు కాగా, 1970 వరకు ఒక స్త్రీయు దానిలో నెగ్గలేదు. భారతదేశమున నివసించువారిలో మొదట నెగ్గిన సోనాల్ హాలండ్ కూడ స్త్రీయే, అది 2016లో. సెయింట్ జేమ్స్ వీధిలో బెరీ బ్రదర్స్ అను పాత వైను దుకాణము గలదు. దానిని 1698లో స్థాపించినది బోర్న్ అను నొక వితంతువు. అప్పుడది కాఫీ మొదలగు సరకు లమ్ము నంగడి. కాఫీబస్తాలను తూచు పెద్ద త్రాసులో 1765నుండి ఖాతాదారులను తూచి, వారి బరువులు పుస్తకముల కెక్కించెడివారట. పాపను ఎత్తుకొని ఆ అంగడి యెదుట నిలుచుండి, మగడు పోయిన యాడుది బ్రదుకుతెరువునకై పెట్టిన దుకాణము మూడువందల యేండ్లు దాటి నిలిచినదే యని యాశ్చర్యపడితిని.

రాత్రి భోజనమునకు రీజెంటు వీధిలోని వీరాస్వామి యను భోజనశాలకు దీసికొనిపోయినది. 1926లో దానిని స్థాపించిన ఎడ్వర్డ్ పామర్ పూర్వికులలో మొగలాయి వంశపు స్త్రీ గలదు. ఆ కుటుంబమువారు పూర్వము హైదరాబాదులో బ్యాంకు వ్యాపారము చేసిరి. మన వంటకు వైను పొసగదని వెనుకటి దొరలందురట. చెల్లెలు కారణములు చెప్పినది: మిరపకారమునకు మద్యపు వేడి తోడైన నోరు మండును, వగరెక్కువైన ఎర్రవైను ఆ మంటను హెచ్చించును, కొంచెము తీపుగల రీస్లింగ్ వంటి తెల్లవైనైన శాంతించును. "మనకు ఆ పనికి పెరుగు ఉండనే ఉందిగా" యంటిని. అందుల కామె నవ్వి, నాకు మజ్జిగ తెప్పించినది.

ఆ రాత్రియే నేనడుగవలసినది యడిగితిని. "మామను తినివేసిన దానితోనే నీకు బ్రదుకైనదే, నీకెప్పుడును నొప్పి కలుగదా?" చెల్లెలు చాలసేపు పలుకలేదు. తరువాత, "మామను నేను చూడలేదక్కా. కాని ప్రతి గ్లాసూ ఉమ్మేటప్పుడు ఆయన గుర్తొస్తాడు. ఎక్కడ ఆపాలో నాకు ఆయనే చెప్తున్నట్టుంటుంది" యన్నది. చరకసంహితలో మదాత్యయమను పేర మద్యరోగములకు వేరొక యధ్యాయమే గలదు. ఆ చరకుడే ద్రాక్షాసవముల గుణములనుకూడ వ్రాసెను. రెండును తెలిసినవాడే వైద్యుడు. కాని నా చెల్లెలు ఆపగలుగుట చూచి అందరును ఆపగలరని నేననుకొనను. సంయమము గల యొక్కతెకు విద్యయైనది, కూలివాని యింట చిచ్చు. ఈ రెండు నిజములును నాలో కలియలేదు. కలిపి వ్రాయుట నాకు చేతగాదు.

ఇంటికి వచ్చిన మూడవనాడు, మధ్యాహ్నము చింతపండు ఈనెలు దీయుచు కూర్చున్న అమ్మకు ఉన్నదున్నట్లు చెప్పితిని. ముసుగుల సీసాలు, మార్కులు, నేరేటిపండు, ఉమియుట, అన్నియు. ఆమె చేయి ఆగలేదు. చివరకు, "ఎంత నోట్లో పోసుకున్నా మింగదా?" యని యడిగినది.

"మింగదమ్మా."

"మీ మామ కూడా మొదట్లో రుచికే అన్నాడే."

ఆ మాటకు నాయొద్ద బదులు లేదు. రెండు దినములు నాతో పలుకలేదు. అబద్ధము చెప్పినందుకు చెల్లెలిమీదకంటె నామీదనే ఆమెకు కోపమెక్కువ, అది న్యాయమే. మూడవనాడు ప్రొద్దున, "దాన్ని ఫోను చెయ్యమను. నువ్వు మధ్యలో నాకేం చెప్పబాక. నేనడగాల్సింది నేనే అడుగుతా" నన్నది.

ఫోను ఆమె చేతికిచ్చి నేను వంటయింటిలోనికి పోతిని. తలుపు మాత్రము వేయలేదు. చాలసేపు అమ్మ యేమియు మాటాడలేదు; ఆవలివైపున చెల్లెలు ఏడ్చుచున్నదని నాకు తెలియుచునే యున్నది. పిదప అమ్మ గొంతు వినబడినది: "ఆ బల్లకాడ నీతోపాటు ఆడోళ్లెవరన్నా కూచుంటారా? ఊఁ. అయితే సరే. ఒక్కదానివే కూచోబాక."

సారాదుకాణము ముందు బైఠాయించిన దినములనాడు ఆమె తోడివారికి చెప్పిన మాటయు నదియేనట. ఈనాటికిని ఆమె కూతురి వృత్తిని మెచ్చుకొనలేదు. మెచ్చుకొనునని నేను కోరుటయు లేదు. ఆదివారమునాడు మాత్రము వారిద్దరును ఫోనులో మాటాడుకొందురు. నడుమ నేను లేను.